పండక్కి ఊరెళ్ళినప్పుడు అమ్మానాన్నల ఫోన్లు, ఇంట్లో కెమెరా ఎలా సర్దిపెట్టి రావాలి

మా అమ్మ హాల్లో కెమెరా మీద తడి తువ్వాలు ఆరేసింది.

పోయినేడాది ఎండాకాలం అన్నయ్య డాలస్ నుంచి వచ్చినప్పుడు తెనాలిలో మా ఇంట్లో వైఫై కెమెరా పెట్టించాడు, టీవీ పైన గోడకి. అమ్మకి బీపీ, నాన్నకి మోకాళ్ళు, ఇద్దరే ఉంటారు, రాత్రిపూట ఎవరైనా పడిపోతే ఎవరు చూస్తారు అని. నాకూ మంచి పనే అనిపించింది. హైదరాబాద్‌లో ఆఫీసులో లంచ్ టైంలో ఒకసారి యాప్ తెరిచి చూసేదాన్ని, నాన్న పేపర్ చదువుకుంటూ కనబడితే మనసు కుదుటపడేది. మూడు నెలలయ్యాక ఒకరోజు తెరిస్తే స్క్రీన్ నిండా గళ్ళ బట్ట. ఫోన్ చేస్తే "ముసురు పట్టింది కదమ్మా, బయట ఆరట్లేదు, అక్కడ వేశా" అంది. మర్నాడూ అదే బట్ట, వారం తర్వాత కూడా అదే బట్ట. ఇక సంక్రాంతికి వెళ్ళినప్పుడు అరిసెలు వత్తుతూ, తలెత్తకుండా, మెల్లగా చెప్పింది: "ఉక్కపోస్తే పైట తీసి ఫ్యాను కింద కూర్చుందామన్నా భయంగా ఉంటుందే. ఇప్పుడు నువ్వు చూస్తున్నావో, అన్నయ్య చూస్తున్నాడో, కోడలు చూస్తుందో నాకేం తెలుసు."

నలభై ఏళ్ళుగా ఆవిడ ఉంటున్న ఇల్లది. ఆ ఇంట్లో ఆవిడ సర్దుకుని కూర్చోవాల్సిన పరిస్థితి మేం తెచ్చాం, ప్రేమతోనే తెచ్చాం. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది, అడగలేదు.

మనలో చాలామందికి ఇదే పరిస్థితి, పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో అమెరికాలోనో, పెద్దవాళ్ళు ఊళ్ళో, మధ్యలో ఉన్నదల్లా ఫోనే. పెన్షన్ ఫోన్లో, కరెంటు బిల్లు ఫోన్లో, గ్యాస్ బుకింగ్ ఫోన్లో, మనవడి ముఖం కూడా ఫోన్లోనే. అది లేకుండా కుదరదు కాబట్టి, దాని వల్ల వాళ్ళ డబ్బు, వాళ్ళ పరువు, వాళ్ళ మనశ్శాంతి పోకుండా ఎలా సర్దాలో, మేం చేసిన తప్పులతో సహా రాస్తున్నా. ఒక మధ్యాహ్నం పడుతుంది, హడావుడిగా బస్సుకి ముందు చెయ్యకండి.

మొట్టమొదట, ఫోన్ వాళ్ళ చేతిలోంచి లాక్కోకండి

మనం చేసే మొదటి తప్పు ఇదే. "ఇలా ఇవ్వు నాన్నా" అని లాక్కుని, టకటకా నొక్కేసి, "అయిపోయింది, ఇక ఏం ముట్టుకోకు" అని ఇచ్చేస్తాం. ఆయనకి ఏం మారిందో తెలీదు, మనం వెళ్ళాక ఏదైనా తేడా వస్తే మళ్ళీ మనకి ఫోన్ చెయ్యాలి, చేస్తే విసుక్కుంటామని చెయ్యరు. అందుకని భోజనాలయ్యాక పక్కన కూర్చోండి, ఫోన్ వాళ్ళ చేతిలోనే ఉంచండి, వేలు వాళ్ళదే నొక్కాలి, మీరు చెప్పండి అంతే. ఆలస్యం అవుతుంది, అవ్వనివ్వండి. చిన్న అక్షరాలు కనపడక ఎక్కడ పడితే అక్కడ నొక్కేస్తుంటారు కాబట్టి ముందు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఫాంట్ పెద్దది చెయ్యండి, భాష తెలుగు కావాలంటే తెలుగు పెట్టండి, కానీ అడిగి పెట్టండి, మా నాన్న ముప్పై ఏళ్ళు రైల్వేలో ఇంగ్లీషులోనే రాతకోతలు చేసిన మనిషి, తెలుగు సెట్టింగ్స్ ఆయనకి అస్సలు అర్థం కాలేదు, మళ్ళీ మార్చాం.

ఇంకోటి, వాళ్ళ మెసేజ్‌లు చదవకండి. ఫోన్ బాగుచేసే వంకతో అమ్మ పిన్నితో ఏం మాట్లాడిందో పైకి జరిపి చూడటం తప్పే. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచ్ ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తీర్పిచ్చింది కదా, ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి గారు 2012లో పిటిషన్ వేసేనాటికే ఎనభై దాటిన పెద్దాయన, కర్ణాటక హైకోర్టులో రిటైరై మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బీసీ కమిషన్‌కి చైర్మన్‌గా చేసినాయన. ప్రైవసీ కుర్రాళ్ళ గోల, పెద్దవాళ్ళకి ఏం దాపరికాలుంటాయి అనేవాళ్ళకి నేను ఈయన సంగతే చెప్తా.

కెమెరా సంగతి

అసలు కావాలా అని వాళ్ళనే అడగండి. వద్దంటే వద్దు. కావాలంటే హాల్లో, బెడ్రూంలో కాకుండా గేటు వైపుకో వరండాలోకో తిప్పి పెట్టండి. వచ్చినవాళ్ళెవరో లోపలినుంచే చూసుకోడానికి వాళ్ళకి పనికొస్తుంది, మనకీ ఇంటి ముందు కదలిక తెలుస్తుంది. యాప్‌లో మైక్ ఆఫ్ చెయ్యండి, వరండాలో కూర్చుని నాన్న పక్కింటాయనతో ఏం మాట్లాడుకుంటే మనకెందుకు. చాలా కెమెరాల యాప్‌లలో ప్రైవసీ మోడ్ అని ఉంటుంది, అది వేస్తే చూపించడం ఆగిపోతుంది, ఆ యాప్ వాళ్ళ ఫోన్లో కూడా వేసి ఆ బటన్ చూపించండి. అది కష్టంగా ఉంటే కెమెరా ప్లగ్ ఎక్కడుందో చూపించి "ఇష్టం లేనప్పుడు స్విచ్ తీసెయ్, నేనేం అడగను" అని చెప్పండి, చెప్పాక నిజంగా అడక్కండి.

తర్వాత పాస్‌వర్డ్. మాకు కెమెరా బిగించిన కుర్రాడు తన ఫోన్లోనే అకౌంట్ చేసి, ఆ ఐడీ పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసిచ్చి వెళ్ళాడు, మేం నలుగురం అదే వాడుకున్నాం. సంక్రాంతికి కూర్చుని చూస్తే తెలిసింది, ఎనిమిది నెలలుగా మా హాలు అతని ఫోన్లో కూడా తెరిచే ఉంది. అతను చూశాడని నేననను, కానీ చూడాలంటే చూడొచ్చు కదా, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీ ఇంట్లో కూడా బిగించినవాళ్ళే సెటప్ చేసి ఉంటే కెమెరాకి రీసెట్ బటన్ ఉంటుంది, సన్న పిన్నుతో కాసేపు నొక్కిపట్టి మొత్తం మొదట్నుంచి ఇంట్లోవాళ్ళ పేరు మీద పెట్టుకోండి. పాత అకౌంట్‌కే ముడిపడి ఉందంటే ఆ కుర్రాణ్ణి పిలిపించి అతని చేతే తీయించండి. పాస్‌వర్డ్ కొత్తది, ఇంకెక్కడా వాడనిది పెట్టండి, టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తోపాటు ఇంకో కోడ్ కూడా అడిగేది) ఉంటే ఆన్ చెయ్యండి, మిగతావాళ్ళకి పాస్‌వర్డ్ చెప్పకుండా యాప్‌లోనే షేర్ డివైస్ అని ఉంటుంది దాంతో ఇవ్వండి, రేపు తీసెయ్యాలన్నా సులువు. వైఫై రౌటర్ పాస్‌వర్డ్ కూడా మార్చండి, వీధిలో సగం మంది పిల్లల దగ్గర అది ఉంటుంది.

మరి పడిపోతే ఎలా తెలుస్తుంది అంటారా. అమ్మ రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మతో గుడ్ మార్నింగ్ పంపుతుంది, మనం చూడకుండా దాటేస్తాం కదా, మేం దాన్నే వాడుకున్నాం. ఏడున్నరలోపు అమ్మ పువ్వు రావాలి. రాకపోతే నేను ఫోన్ చేస్తా, ఎత్తకపోతే నాన్నకి, ఆయనా ఎత్తకపోతే ఎదురింటి అక్కకి, ఆవిడ దగ్గర ఒక తాళంచెవి ఉంటుంది. వచ్చిన పువ్వుకి నేనూ అన్నయ్యా తప్పకుండా జవాబు పెడతాం, ఉత్త బొటనవేలు బొమ్మ కాదు, ఒక మాట. అమ్మకి ఇది కెమెరా కన్నా వెయ్యి రెట్లు నచ్చింది, ఎందుకంటే ఇందులో చెప్పేది ఆవిడ, చూసేది మేం కాదు.

వాట్సాప్

పెద్దవాళ్ళ ఫోన్లో సగం ప్రపంచం ఇదే కాబట్టి దీనికి కాస్త టైం ఇవ్వండి. సెట్టింగ్స్, అకౌంట్, టూ-స్టెప్ వెరిఫికేషన్, ఆరంకెల పిన్ పెట్టించండి, పుట్టినరోజు పెట్టొద్దని చెప్పండి. ఇది ఉంటే ఎవరైనా ఓటీపీ అడిగి లాగేసినా వాట్సాప్ ఇంకో ఫోన్లో తెరవడం కష్టం. తర్వాత ప్రైవసీలో ప్రొఫైల్ ఫోటో, స్టేటస్ కాంటాక్ట్స్‌కి మాత్రమే, గ్రూప్స్ కూడా మై కాంటాక్ట్స్ పెట్టండి, లేకపోతే ఎవడో షేర్ మార్కెట్ టిప్స్ గ్రూపులో చేర్చేస్తాడు, రిటైరైనప్పుడు డబ్బొచ్చిన వాళ్ళకి అది మహా ప్రమాదం. అక్కడే కాల్స్‌లో సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ ఆన్ చేస్తే తెలియని నంబర్ల నుంచి వాట్సాప్ కాల్స్ మోగవు, కింద చెప్పబోయే మోసాలు చాలావరకు ఈ దారిలోనే వస్తాయి.

లింక్డ్ డివైసెస్ తెరిచి చూడండి. ఫోన్ కాకుండా ఇంకో నాలుగు చోట్ల దాకా ఆ వాట్సాప్ తెరిచి ఉండొచ్చు, ఎప్పుడో జిరాక్స్ షాపులో ప్రింట్ కోసం క్యూఆర్ స్కాన్ చేసి ఉంటారు, అది ఇంకా అక్కడే ఉంటుంది. తెలియనిది ఏదున్నా లాగౌట్. మీ ల్యాప్‌టాప్‌లో "హెల్ప్ చెయ్యడానికి" అమ్మ వాట్సాప్ తెరిచిపెట్టుకుని ఉంటే అది కూడా లాగౌట్.

ఇక ఏపీకే ఫైళ్ళు, అంటే నొక్కితే ఫోన్లో యాప్ వేసేసే ఫైళ్ళు. పెళ్ళి శుభలేఖ అని, పీఎం కిసాన్ అని, ట్రాఫిక్ చలానా అని ఫైలొస్తుంది, తెలిసినవాళ్ళ నంబర్ నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ళ ఫోన్ ముందే మోసగాళ్ళ చేతికి చిక్కింది. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే మెసేజ్‌లు, ఓటీపీలు అన్నీ అవతలివాడికి. అమ్మకి నేను చెప్పింది ఒకటే, శుభలేఖ ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, ఇన్‌స్టాల్ చెయ్యమని అడిగేది శుభలేఖ కాదు. చెప్పడంతో ఆపకుండా సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అని వెతికి వాట్సాప్‌కి, క్రోమ్‌కి, ఫైల్ మేనేజర్‌కి ఆఫ్ చేసెయ్యండి.

యాప్‌లకి ఇచ్చిన పర్మిషన్లు

సెట్టింగ్స్, ప్రైవసీ, పర్మిషన్ మేనేజర్. అక్కడ కాంటాక్ట్స్, మైక్, లొకేషన్, ఎస్సెమ్మెస్ ఒక్కోటి తెరిచి ఏ యాప్‌లకి ఉందో చూడండి, టార్చ్ యాప్‌కి కాంటాక్ట్స్ ఎందుకు, పంచాంగం యాప్‌కి మైక్ ఎందుకు, తీసెయ్యండి. వాడనివి అడిగి డిలీట్ చెయ్యండి. ఇది చిన్న విషయం అనుకోకండి, 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వాళ్ళు ఎంతమందిని వేధించారో, ప్రాణాలు తీసుకున్నవాళ్ళు కూడా ఉన్నారో గుర్తుందిగా, వాళ్ళ ఆయుధమే కాంటాక్ట్స్ లిస్టు. అప్పు ఒకడు తీసుకుంటే ఫోన్లు అతని మేనత్తకి, ఆఫీసులో వాళ్ళకి, పెళ్ళిచూపులు చూసొచ్చిన వాళ్ళకి. 2022లో రిజర్వ్ బ్యాంక్ లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, ఫోటోల జోలికి పోకూడదని రూల్ పెట్టింది, కానీ దొంగ యాప్ రూల్ చూడదు కదా. మన ఫోన్లో ఉన్న నంబర్లు చుట్టాలవీ పక్కాలవీ, వాళ్ళని అడక్కుండా వాటిని మనం ఎవరికో ఇచ్చేస్తున్నాం అని అమ్మకి చెప్తే వెంటనే అర్థమైంది, పక్కింటావిడ ఇంటి విషయం ఎవరికీ చెప్పకూడదనేది ఆవిడకి మనకన్నా బాగా తెలుసు.

ఆధార్, బ్యాంకు

ఆధార్ వాళ్ళ అధికారిక యాప్ వేసి బయోమెట్రిక్ లాక్ చెయ్యండి, వేలిముద్రతో డబ్బు తీసే మోసాలకి ఇది అడ్డం. ఒకటి గుర్తుంచుకోండి, లాక్ చేస్తే వేలిముద్ర, కనుపాప, ముఖం అన్నీ లాకవుతాయి, ఏదైనా ఆఫీసులో వేలు పెట్టాల్సొచ్చినా, నవంబర్లో పెన్షన్ కోసం ఫోన్లో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సొచ్చినా ముందు కాసేపు అన్‌లాక్ చేసుకోవాలి, అది వాళ్ళ చేత రెండుసార్లు చేయించి చూపించండి. (ఆ లైఫ్ సర్టిఫికెట్ ఒక్కటి మాత్రం టెక్నాలజీ చేసిన గొప్ప మేలు, మా నాన్న ఆ మోకాళ్ళతో బ్యాంకులో లైన్లో నిలబడాల్సిన పని తప్పింది.) జిరాక్స్ ఇవ్వాల్సినచోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, చివరి నాలుగంకెలే కనబడతాయి. నెట్ సెంటర్‌కి వాట్సాప్‌లో పంపి ప్రింట్ తీయిస్తే అక్కడే నిలబడి డిలీట్ చేయించి రండి. టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ సైట్‌లో వాళ్ళ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా చూసి, వాళ్ళవి కానివి ఉంటే అక్కడే రిపోర్ట్ చెయ్యండి.

బ్యాంకు విషయంలో మేం చేసిన ఇంకో తప్పు చెప్తా. సేఫ్టీ అని నాన్న అకౌంట్‌కి నా నంబర్ ఇచ్చాం. దాంతో ఓటీపీలన్నీ నాకే. ఆయన కష్టపడి సంపాదించుకున్న పెన్షన్ ఆయన వాడుకోవాలంటే "అమ్మా, బిజీగా ఉన్నావా, ఒక నంబర్ వస్తుంది చెప్తావా" అని అడగాలి. ఒకసారి నేను మీటింగ్‌లో ఉండి ఎత్తలేదు, ఆయన మెడికల్ షాపులో అరగంట నిలబడి మందులు తీసుకోకుండా ఇంటికెళ్ళిపోయారు. ఆ సంగతి నాకు అమ్మ చెప్పింది, ఆయన చెప్పలేదు. ఇప్పుడు నంబర్ మళ్ళీ ఆయనదే పెట్టాం. బదులుగా ఇంకో చిన్న అకౌంట్ తెరిచి యూపీఐ దానికి మాత్రమే లింక్ చేశాం, ఇంటి ఖర్చుకి సరిపడా అందులో ఉంటుంది, పెద్ద మొత్తం ఉన్న అకౌంట్ ఫోన్లోనే లేదు. ఏదైనా జరిగినా పోయేది ఆ నెల ఖర్చు వరకే. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే తప్ప తీసుకోడానికి ఎప్పుడూ అక్కర్లేదు, ఇది మాత్రం పదిసార్లు చెప్పండి.

డిజిటల్ అరెస్ట్ కాల్ వస్తే

ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఫోన్ వస్తుంది, మీ ఆధార్‌తో పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయనో, మీ అకౌంట్లోకి హవాలా డబ్బొచ్చిందనో అంటారు, తర్వాత వీడియో కాల్‌లో పోలీస్ డ్రెస్సు, వెనక సీబీఐ బోర్డు, చివరికి జడ్జి కూడా. కెమెరా ముందు నుంచి కదలొద్దు, ఎవరికీ చెప్పొద్దు, చెప్తే మీ పిల్లల్ని కూడా అరెస్ట్ చేస్తాం అంటారు. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు, 2024 అక్టోబర్ 27 మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఇదే చెప్పారు.

మా వీధిలోనే ఒక రిటైర్డ్ మాస్టారు ఇలా పోగొట్టుకున్నారు. ఆయన చదువుకున్న మనిషి, ఊళ్ళో పది మందికి సలహా చెప్పే మనిషి. రెండు రోజులు గదిలోంచి రాలేదు, కొడుకు మధ్యలో ఫోన్ చేస్తే "బానే ఉన్నాను, జ్వరం" అన్నారట. తర్వాత ఎందుకు చెప్పలేదు మాస్టారూ అని నాన్న అడిగితే, "మావాడు తిడతాడు, పోయినసారి లింకేదో నొక్కినందుకే వారం రోజులు తిట్టాడు" అన్నారు.

ఆ మోసగాడికి మొత్తం బలం "ఎవరికీ చెప్పొద్దు" అన్న మాటలోనే ఉంది. మన అమ్మానాన్నలు మనకి చెప్పడానికి భయపడుతున్నారంటే సగం పని వాడికి మనమే చేసిపెట్టినట్టు. అందుకని ఈ పండక్కి కూర్చోబెట్టి ఇలాగే చెప్పండి: "ఎంత డబ్బు పోయినా సరే, ఎంత తప్పు చేశావని అనిపించినా సరే, ముందు నాకు చెప్పు నాన్నా, నేను ఒక్క మాట అనను." చెప్పినంత మాత్రాన నమ్మరు, తర్వాతిసారి ఏదో చిన్నది జరిగినప్పుడు, తప్పు రీఛార్జ్ చేశారనో, పిచ్చి యాప్ ఏదో వేసుకున్నారనో ఫోన్ చేసినప్పుడు మీరెలా మాట్లాడతారో చూసి నమ్ముతారు.

దానితోపాటు ఒక ఇంటి ప్రశ్న పెట్టుకోండి. ఇప్పుడు గొంతు కూడా కాపీ కొడుతున్నారు, మన గొంతుతోనే "అమ్మా, యాక్సిడెంట్ అయ్యింది, డబ్బు పంపు" అని వస్తుంది. ఫేస్‌బుక్‌లో ఎక్కడా దొరకనిది, ఇంట్లోవాళ్ళకి మాత్రమే తెలిసినది, పాత ఇంట్లో బావి పక్కన ఏ చెట్టుండేది లాంటిది ఒకటి అనుకోండి. డౌట్ వస్తే అది అడగాలి, ఫోన్ పెట్టేసి మన నంబర్‌కి తిరిగి చెయ్యాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యాలి, గంటలోపు చేస్తే డబ్బు మధ్యలో ఆపగలిగే అవకాశం ఎక్కువ, రేపు చూద్దాం అంటే చేతులు మారిపోతుంది.

ఉన్న నాలుగు రోజులూ

మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్గావ్ అనే ఊళ్ళో రోజూ సాయంత్రం ఏడింటికి సైరన్ మోగుతుంది, గంటన్నరసేపు ఊరంతా ఫోన్లు, టీవీలు కట్టేస్తారు, పిల్లలు చదువుకుంటారు, పెద్దవాళ్ళు మాట్లాడుకుంటారు. మనకి ఊరంతటికీ సైరన్ లేదు కానీ ఇంట్లో అన్నం తినే అరగంట మన చేతిలోదే. మేం ఫోన్లన్నీ ఫ్రిజ్ మీద బుట్టలో పెట్టాం, మొదటి రోజు ఎవరికీ ఏం మాట్లాడాలో తోచలేదు, రెండో రోజు నాన్న కాజీపేటలో పని చేసినప్పటి సంగతులు మొదలుపెట్టారు, నేను ముప్పై ఐదేళ్ళలో ఎప్పుడూ వినని సంగతులు. దూరంగా ఉన్నప్పుడు కూడా వీడియో కాల్ ఇంకో పని చేస్తూ మాట్లాడకండి, పది నిమిషాలే మాట్లాడండి కానీ కూర్చుని మాట్లాడండి, మన కళ్ళు స్క్రీన్ మీద ఇంకెక్కడో తిరుగుతుంటే వాళ్ళకి తెలిసిపోతుంది.

మనవలు, మనవరాళ్ళ ఫోటోలు స్టేటస్ పెట్టొద్దు అని చెప్పాల్సొస్తే కూడా కోపంగా కాదు, స్కూల్ పేరు, ఇంటి నంబర్ కనబడనివి మీరే పది ఎంచి ఇవ్వండి, పాపం వాళ్ళ ఆనందం అదొక్కటే.

బయల్దేరే ముందు ఆఖరి పని, ఒక కాగితం. 1930, బ్యాంకు నంబర్, డాక్టర్, ఎదురింటి అక్క, మన ఇద్దరి నంబర్లు, పెద్ద అక్షరాలతో, వాళ్ళ చేత్తోనే రాయించండి, పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో వద్దు. ఫోన్ పోయినా, ఫోన్ హ్యాక్ అయినా కాగితం ఉంటుంది. మా ఇంట్లో అది నాన్న రైల్వే రిజిస్టర్‌లో రాసినట్టు గీతలు కొట్టి రాశారు, క్యాలెండర్ పక్కన గోడకి అంటించారు. కెమెరా ఇప్పుడు గేటు మీద ఉంది. తువ్వాలు దండెం మీదకి వెళ్ళింది.